దూడ మిగిల్చిన పాలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కువగా చేసిన పని, పాలు పితకని వాళ్ళకి పాలు పితకమని చెప్పడం.

అరకు చుట్టుపక్కల కొండ ఊళ్ళలో పశువుల ఆసుపత్రి తరఫున తిరిగేదాన్ని. డాక్టర్ని కాదు, డాక్టరుగారి కింద సహాయకురాలిని. కొండమీద ఆ తేడా ఎవరికీ పట్టదు. చేతిలో టీకాల డబ్బా కనబడితే చాలు, "డాక్టరమ్మ వచ్చినాది" అనేవారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. తరవాత మానేశాను.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి పిల్లలు చాలామంది నన్ను అడుగుతుంటారు, కొండవాళ్ళు ఆవుల్ని పెంచుతారు కదా, పాలెందుకు తాగరు అని. నేనూ అడిగాను. ఏ ఊళ్ళో అడిగినా జవాబు ఒకటే: "పాలు దూడవి గదమ్మా." అంతే. అందులో వాదన ఉండదు, కోపం ఉండదు. నువ్వు పక్కింటివాళ్ళ అన్నం ఎందుకు తినవు అని అడిగితే మీరెలా చూస్తారో అలా చూసేవారు. ఆవు పేడకి, ఎద్దు దుక్కికి, పాలు దూడకి. లెక్క తేలిపోయింది. మన పథకాలకి అందులో చోటు లేదు.

నేను విజయనగరం అవతల మైదానపు ఊళ్ళో పుట్టినదాన్ని. పాల చెంబులో ధార పడే చప్పుడుతో తెల్లవారే ఇల్లు మాది. అందుకని ఆ కొండ ఆవుల వెనక పొదుగు చూసినప్పుడల్లా, నిండిన కుండని ఎవరో మరిచిపోయి వెళ్ళినట్టు అనిపించేది. ఒకసారి పథకం కింద కొన్ని ఊళ్ళకి సంకరజాతి ఆవుల్ని కూడా ఇచ్చాం. జనం ఎంతో మర్యాదగా తీసుకున్నారు. పాలన్నీ దూడలకే వదిలేశారు. ఆ దూడలు ఎంత నున్నగా, ఎంత బలంగా పెరిగాయంటే, తనిఖీకి వచ్చిన పెద్దాయన ఒకదాని వీపు నిమిరి, "బాగుంది" అని వెళ్ళిపోయారు.

నాతో ఎప్పుడూ ఒక అటెండరు వచ్చేవాడు. టైడా దగ్గరి ఊరతను. మా ఆఫీసులో అందరికన్నా తక్కువ మాట్లాడతాడు, ఎవరైనా మాట్లాడితే అందరికన్నా బాగా వింటాడు. కొండ ఒడియా వచ్చు. ఆదివారం చర్చికి వెళ్తాడు, పాటలు బాగా పాడతాడు. ఒకసారి అడిగాను, "నువ్వు ప్రభువుని నమ్ముకున్నావు కదా, నీకీ పట్టింపులేమిటి, టీలో పాలెందుకు వద్దంటావు?" అని. "ప్రభువు ఏమీ అనడు మేడం. మా అమ్మ ఊరుకోదు" అన్నాడు.

నేను చెప్పబోయేది ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చినప్పటి మాట. అప్పటికింకా తుఫాను సముద్రంలోనే ఉంది. కొండమీద పొద్దున్న మంచు తప్ప ఏమీ లేదు. గాలికుంటు టీకాలు వేయడానికి నేనూ, అటెండరూ బయల్దేరాం. జీపు రోడ్డు అయిపోయిన చోట దిగి, గెడ్డ, అంటే కొండవాగు, దాటి, కాఫీ తోటల మధ్య నుంచి నడక. మేం వెళ్తున్నది ఊరంటే ఊరు కాదు, కొండ భుజం మీద కూర్చున్న కొన్ని ఇళ్ళు. పైన అడవి, కింద వలిసె చేలు. పూతకొచ్చిన వలిసె మంచులో పసుపు రంగు పొగలా కనిపించేది. ఆ దారిలో నడుస్తుంటే మన అడుగుల చప్పుడు మనకే ఆలస్యంగా వినిపిస్తున్నట్టుండేది.

సగం దారిలో ఎదురుగా మంచులోంచి డోలీ వచ్చింది.

ముందు మోస్తున్నది ఒక యువకుడు. దుప్పటి ఉయ్యాలలో అతని భార్య. ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది, గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి. మేం దారి దిగి కాఫీ మొక్కల్లోకి తప్పుకున్నాం. ఎవరూ ఆగలేదు. చెట్ల మీది నీళ్ళు టప్ టప్ మని రాలుతున్నాయి. వాళ్ళు వెళ్ళాక దారిలో రక్తం చుక్కలు కనబడ్డాయి. అటెండరు తలమీది గుడ్డ తీసి చేత్తో పట్టుకుని నడిచాడు, ఊరొచ్చే దాకా.

ఊళ్ళో తెలిసింది. ఆమె తెల్లారుజామున ఆడపిల్లని కన్నది. రక్తం ఆగకపోతే ఆసుపత్రికి మోసుకుపోయారు. పసిగుడ్డు నానమ్మ దగ్గర ఉంది.

నా పని నేను చేసుకున్నాను. పశువులన్నిటికీ టీకాలు వేసేసరికి ఆకాశం నల్లబడింది, గాలి తిరిగింది. అటెండరు కింద గెడ్డ వేపు చూసి, "మేడం, ఇంక మనం దిగలేం" అన్నాడు. ఆ వానని ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. వాన పడుతున్నట్టు లేదు, కొండే నీళ్ళయి కిందికి నడుస్తున్నట్టు ఉంది. మర్నాడు తెల్లారి చూస్తే గెడ్డ ఎర్రగా, చేనంత వెడల్పుగా ఉంది. అవతల రోడ్డు మీద కొండ చరియ కూలిపోయింది.

ఆ ఊళ్ళో ఆశా కార్యకర్త ఒకమ్మాయి ఉండేది, అక్కడి పిల్లే. ఫోను సిగ్నలు పైనున్న ఒక బండ మీద మాత్రమే దొరుకుతుంది. ఆ అమ్మాయి గొడుగు విరిగిపోయినా బండెక్కి మాట్లాడి వచ్చింది. ముద్దగా తడిసి, గుమ్మంలో నిలబడి చెప్పింది. "వదిన నేదు. ఆసుపత్రికి సేరినాక పోనాది. అన్న అక్కడే ఉన్నాడు. రావడానికి దారి నేదు."

నానమ్మ ఏడవలేదు. ఒళ్ళో పసిదాన్ని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

ఆ తరవాత మాకు అర్థమైంది, అసలు కష్టం ఇంకా మొదలుకాలేదని. ఆ ఊళ్ళో పాలిచ్చే తల్లి ఒక్కతే. ఆమె కామెర్లతో మంచం పట్టి ఉంది. అయినా పిల్లని అడిగి తెప్పించుకుని రొమ్ముకి పెట్టుకుంది. రెండు గుక్కలకి మించి రాలేదు. మేకలన్నీ చూడితో ఉన్నాయి. ఆశా అమ్మాయి మళ్ళీ బండెక్కింది. ఫోనులో కింద ఆసుపత్రి నర్సమ్మ చెప్పిందట, దారి పడగానే పాలపొడి డబ్బా పంపుతాను, అందాకా ఆవు పాలైనా సరే, బాగా మరగబెట్టి, నీళ్ళు కలిపి, చెంచాతో కొంచెం కొంచెం పట్టండి, పిల్లని వట్టి కడుపుతో ఉంచొద్దు అని. ఇప్పుడు వినేవాళ్ళు ఇది నా వైద్యం అనుకోకండి. నర్సమ్మ కూడా వేరే దారిలేక చెప్పిన మాట అది.

ఈనిన ఆవు ఊళ్ళో ఒకటే ఉంది. ఎర్రది, పొట్టిది, కొమ్ములు లోపలికి తిరిగినది. దాని యజమాని ఊరి చివర పశువుల సాల పక్కనే ఉండే ముసలాయన. భార్య పోయాక పశువులతోనే ఉంటున్నాడు. నేనూ అటెండరూ వెళ్ళేసరికి ఆయన సాలలో పొగ వేస్తున్నాడు. విషయం ముందే చేరింది. ఊళ్ళో ఏ విషయమైనా మనకన్నా ముందే చేరుతుంది.

"పాలు నావైతే నువ్వు అడక్కుండానే ఇచ్చేద్దును" అన్నాడు, నేను నోరు తెరవకముందే. "నావి కావు."

"పసిపిల్ల తాతా" అన్నాను.

"ఇదీ పసిదే గదమ్మా" అని, తల్లి కింద నిద్రపోతున్న దూడని చూపించాడు.

ఆయన కఠినుడు కాదు. కట్టెలు ఎగదోస్తూ, నా మొహం చూడకుండా చెప్పుకొచ్చాడు. వయసులో ఉండగా ఒక ఏడాది, పర్యాటకులు వచ్చే దారిలో టీ దుకాణం వాడు అడిగితే పాలు పోశాడట. మైదానం వాడొకడు వచ్చి పితుక్కుని పోయేవాడట. ఆ దూడ చిక్కి చిక్కి చచ్చిపోయింది. "దాని తల్లి రోజులతరబడి అరిసినాది. మేతకి పోదు, నీళ్ళు తాగదు. అరుపే. నా పెండ్లాం ఆ అరుపు ఇననేక చేలో మంచె మీదికి పోయి పడుకునేది. అప్పుడు సెప్పినాది నాతోటి, మళ్ళీ ఎవల సెయ్యీ ఆవు పొదుగు మీద పడనీకని. నానింక ఆ మాట తప్పలేను."

ఆయన అబద్ధం చెప్పలేదు. దూరంగా ఇంట్లోంచి పిల్ల ఏడుపు వినిపిస్తోంది, సన్నగా, దారం తెగబోతున్నట్టు.

బయటికి వచ్చాక అటెండరుతో గట్టిగానే అన్నాను. "నేను వెళ్ళి పితికేస్తాను. ఆయన అడ్డం పడతాడా? పడడు. ఈ ఊళ్ళో ఎవరూ పడరు."

"పడరు మేడం" అన్నాడతను. "మీరు పితుకుతారు. పిల్ల బతుకుతాది. దారి పడగానే మీరూ నేనూ దిగిపోతాం. పిల్ల ఇక్కడే ఉంటాది. దొంగపాలు తాగిన గుంట అంటారు దాన్ని. పెళ్ళి దాకా అంటారు, పెళ్ళయ్యాక కూడా అంటారు. తిట్టడానికి కాదు. ఊరికే, ఆనవాలుకి అంటారు."

అతను అంత పెద్ద మాట చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. నిలబడిపోయాను. నా మూడు దశాబ్దాల ఉద్యోగంలో నన్ను ఆపిన మాటలు చాలా తక్కువ. అదొకటి.

వాన కాస్త వెలిసి మంచు దిగింది. ఇళ్ళు ఒకదాన్నొకటి పోగొట్టుకున్నట్టు మాయమయ్యాయి. ఆ తెల్లదనంలోంచి నానమ్మ నడిచి వచ్చింది, పిల్లని పొట్టకి కట్టుకుని. ఆమె వెనక ఆశా అమ్మాయి, ఆ వెనక ఒకరొకరుగా ఊరు. ముసలాయన సాల ముందు నిలబడ్డాడు.

నానమ్మ ఆయన్ని బతిమాలలేదు. "నిన్ను అడగడానికి రానేదు బావా" అంది. "ఆవుని అడగడానికి వచ్చినాను."

ముసలాయన చాలాసేపు ఆమెని చూశాడు. ఆమెనే చూశాడో, తన భార్యకి ఇచ్చిన మాటనే చూశాడో తెలియదు. చివరికి అన్నాడు. "ఆవుని అడిగితే ఏటి? అది ఎవలికైనా ఇస్తాది, తల్లి గద. దూడని అడగాల."

"అయితే దూడని అడుగుతాను."

"ఎలాగ అడుగుతావు?"

ఎవరికీ తెలియదు. ఎందుకంటే ముందెప్పుడూ ఎవరూ అడగలేదు. ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఆచారాలంటే ఎప్పుడో దేవతలు దిగివచ్చి పెట్టిపోయినవని మనం అనుకుంటాం. ఆ పొద్దు నా కళ్ళముందు ఒక ఆచారం పుట్టింది. పుట్టేటప్పుడు అది చాలా అయోమయంగా ఉంది. ఊరి పూజారి గింజలు వేసి శకునం చూద్దామన్నాడు. ఒకామె దూడ చెవిలో చెబితే సరిపోతుందంది. ఇంకొకాయన, గెడ్డ దాటి అవతలి ఊళ్ళో పెద్దల్ని అడగాలన్నాడు, గెడ్డ సంగతి మర్చిపోయి. ఆశా అమ్మాయి ఓపిక పోగొట్టుకుని, "బేగి తేల్చండే, పిల్ల ఏడవడం కూడా మానేస్తన్నాది" అంది.

అది నిజం. ఏడుపు ఆగి ఆగి వస్తోంది.

ముసలాయనే కదిలాడు. నీళ్ళు తెచ్చి దూడ కాళ్ళు కడిగాడు. నానమ్మ పసుపు ముద్ద చేసి దాని నుదుటి మీద పెట్టింది. సాల గుమ్మం దగ్గర, అడ్డాకు పరిచి, దాని మీద కొత్త సామలు కొన్ని పోసి, ఆ పక్కన పిల్లని పడుకోబెట్టింది. పిల్ల ఒక వేపు, ఆవు ఒక వేపు, మధ్యలో దూడ. ముసలాయన దూడ మెడలోని తాడు విప్పాడు.

"నీ ఇష్టం" అన్నాడు దానితో. ఒక పెద్దమనిషితో అన్నట్టు అన్నాడు.

మేమందరం వెనక్కి జరిగాం. మంచు సాలలోకి కూడా వచ్చింది. ఆ దూడ అందులో తేలుతున్నట్టు నిలబడింది. చెవులు ఆడించింది. పిల్ల వేపు ఒక్కసారి తల తిప్పింది. అటెండరు పెదవులు కదులుతున్నాయి, అతను ఎవరిని వేడుకుంటున్నాడో నేను అడగలేదు.

దూడ తిరిగి తల్లి దగ్గరికి వెళ్ళింది. పొదుగుని ఒక్క కుమ్ము కుమ్మి తాగడం మొదలుపెట్టింది.

ఆశా అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుని గోడ వేపు తిరిగింది. నానమ్మ మొహంలో ఏమీ లేదు. వంగి పిల్లని తీసుకోబోయింది. దూడ తాగుతూనే ఉంది. ఆ చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు ఉంది. ఒక చన్ను వదిలి ఇంకో చన్ను పట్టుకుంది, అది వదిలి మళ్ళీ మొదటిది. తోక ఊగింది. తరవాత మెల్లగా వదిలేసింది. మూతి నిండా నురగ. రెండడుగులు తూలి, అందరి ముందూ తాపీగా ఉచ్చ పోసి, గడ్డిలో కూలబడి కళ్ళు మూసుకుంది.

ముసలాయన నానమ్మ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగు" అన్నాడు. "దాని కడుపు నిండినాది. ఇంక లెగిసి రాదు. మిగిలింది వదిలేసినాది సూడు." పొదుగు వేపు చెయ్యి చూపించాడు. "మిగిలింది అడగొచ్చు."

పూజారి తల ఊపాడు. ఒకామె "అవును గద, మిగిలింది అడగొచ్చు" అంది. ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. అలా నలుగురి నోటా తిరిగి ఆ మాట చట్టమైపోయింది.

అప్పుడు అందరూ నా వేపు చూశారు. ఎందుకంటే ఆ ఊళ్ళో పాలు పితకడం ఎవరికీ రాదు.

నేను చిన్నప్పుడు మా నాయనమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఉద్యోగంలో ఎన్నో శిక్షణలు ఇచ్చాను, చార్టులు చూపించాను. కానీ పుట్టిన తరవాత మనిషి వేలు తగలని పొదుగు ముందు ఎప్పుడూ కూర్చోలేదు. ఆ ఆవు నన్ను ఒక చోట నిలవనివ్వలేదు. ముసలాయన దాని తల దగ్గర నిలబడి గంగడోలు గోకుతూ ఏదో చెబుతున్నాడు. నేను గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, చేతులు పెట్టి, ఊరికే ఉంచాను. చాలాసేపు ఊరికే. నిజానికి దూడ పెద్దగా ఏమీ మిగల్చలేదు. అయినా ఉన్నదాన్ని కూడా ఆవు పైకి లాగి పట్టుకుంది. చేపడం లేదు. తల్లి బిడ్డకి తప్ప చేపదు. ఆ సంగతి ఏ పుస్తకం చూసినా ఉంటుంది.

అప్పుడు అటెండరు గుమ్మం దగ్గర నుంచి నెమ్మదిగా పాట ఎత్తుకున్నాడు. ఆదివారం పాటల్లో ఒకటి కాదు. నాగలి కట్టేటప్పుడు ఆ వేపు పాడుకునే పాట, ఒడియాలో. ఒకరిద్దరు ఆడవాళ్ళు గొంతు కలిపారు. పిల్ల మళ్ళీ ఏడ్చింది, సన్నగా. ఆవు చెవులు వెనక్కి తిరిగాయి. పాటకో, ఏడుపుకో, దేనికో నాకు తెలియదు, నా చేతుల కింద పొదుగు మెత్తబడింది.

మొదటి ధార అడ్డాకు డొప్పలో పడింది. ఆ చప్పుడుకి ఆ ఊరి పిల్లలు దగ్గరికి వచ్చి వంగి చూశారు. వాళ్ళు అలాంటి చప్పుడు ఎప్పుడూ వినలేదు.

వచ్చినవి గుప్పెడు పాలు. ఆశా అమ్మాయి వాటిని మరగబెట్టి, నీళ్ళు కలిపి, చెంచాని వేడినీళ్ళలో ముంచి, పిల్ల పెదవులకి ఆనించింది. మొదటి చెంచా బయటికి వచ్చేసింది. రెండోది లోపలికి వెళ్ళింది. అప్పుడు నానమ్మ ఏడ్చింది. కోడలి కోసం ఏడ్చింది. అప్పటిదాకా ఆమెకి తీరిక లేకపోయింది.

దారి పడేదాకా అదే వరస. పొద్దున్నా, మధ్యాహ్నం, పొద్దు వాలేటప్పుడు. ముందు దూడ తాగాలి, పడుకోవాలి. అప్పుడు పితకాలి. దూడ ఒక్కోసారి తాగి పడుకోకుండా ఆడుకునేది. అది పడుకునేదాకా పిల్లకి పాలు లేవు. అందరం దాని చుట్టూ కూర్చుని, జోకొట్టలేక, ఎదురు చూసేవాళ్ళం. ఒక పూట పూజారిగారే కూర్చుని దాని మెడ గోకి నిద్రపుచ్చారు.

నాకు బాగా గుర్తున్నది ముసలాయన నేర్చుకోవడం. నేను దిగిపోయాక ఎవరు పితుకుతారు అన్న ప్రశ్న వచ్చింది. ఆశా అమ్మాయి భయపడింది. ముసలాయనే ముందుకొచ్చి కూర్చున్నాడు. నాగలి పట్టి పట్టి మొద్దుబారిన వేళ్ళు. ధార డొప్పలో తప్ప అన్ని చోట్లా పడేది, ఆయన మోకాళ్ళ మీద, నా చీర మీద, ఒకసారి అటెండరు కంట్లో. పితుకుతున్నంతసేపూ తలొంచుకుని గొణుగుతూ ఉండేవాడు. మొదట ఆవుతో అనుకున్నాను. తరవాత విన్నాను, చనిపోయిన భార్యతో. "అడిగినాంలే. అడిగే తీసినాం. దూడ బాగానే ఉన్నాది, నువ్వే సూడు" అంటున్నాడు.

గెడ్డ తగ్గింది. అవతలి నుంచి మొదట దాటి వచ్చినవాడు పిల్ల తండ్రే. నడుము లోతు నీళ్ళలో తల మీద పాలపొడి డబ్బాల సంచి పెట్టుకుని వచ్చాడు. భార్యని అక్కడే, ఆసుపత్రి దగ్గరి ఊళ్ళో, తెలియని వాళ్ళ సాయంతో మట్టిచేశాడు. డోలీ వెనక మోసినవాళ్ళు వాన మొదలయ్యేలోపే తిరిగి వచ్చేశారు, ఊళ్ళోంచి ఒక్కరు కూడా లేరు పక్కన. అతను ఇంట్లోకి వెళ్ళలేదు. ఎవరో చెప్పారు కాబోలు, సాల దగ్గరికి వెళ్ళి, ఆవు ముందు కూర్చుని, దాని ముందుకాళ్ళ మధ్య తల పెట్టాడు. ఆవు మేత నెమరేస్తూ ఉంది. మేమెవరం దగ్గరికి పోలేదు.

పాలపొడి వచ్చాక ముసలాయన నానమ్మని అడిగాడు, "ఇంక చాలునా?" అని. చాలంది. ఆయన పొదుగు కడిగి, కొమ్ముకి పసుపు దారం కట్టి, "ఇంక నీ పాలు నీ బిడ్డకే" అని చెప్పాడు. అంతే. ఆ రోజు నుంచి ఆ పొదుగు మీద మళ్ళీ ఎవరి చెయ్యీ పడలేదు.

కిందికి వచ్చాక మా డాక్టరుగారికి జరిగింది చెప్పాను. ఆయన గుంటూరు వేపు మనిషి, మంచివాడు, పథకాల మీద నిజంగా ప్రేమ ఉన్నవాడు. కథంతా విని, కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే, "అంటే పితికారన్నమాట. మొదలైనట్టే కదమ్మా" అన్నారు. వారం తిరగకుండా పాల క్యాన్లు జీపులో వేయించి కొండెక్కారు. నేనూ వెళ్ళాను, తప్పదు కనుక. ముసలాయన ఆయనకి చోడి అంబలి ఇచ్చి కూర్చోబెట్టాడు. అంతా విన్నాడు. తరవాత ఎంతో గౌరవంగా అన్నాడు. "ఇప్పుడు పాలకి ఏడిసే పిల్ల ఊళ్ళో నేదు గద సారు. ఎవలి కోసమని దూడని అడగమంటావు?"

డాక్టరుగారు ఖాళీ క్యాన్లతోనే కొండ దిగారు. ఆ క్యాన్లు తరవాత మా ఆఫీసులో మంచినీళ్ళకి బాగా పనికొచ్చాయి.

ఆ ఏడు పశువుల పండగకి నేను సెలవు పెట్టి మరీ వెళ్ళాను. కొండమీద దియాలి అంటారు. మన దీపావళి రోజుల్లోనే వస్తుంది గానీ అక్కడ అది పశువులది. పశువుల్ని కడిగి, కొమ్ములకి నూనె రాసి, కొత్త సామలూ గుమ్మడికాయా కలిపి వండి ఆకుల్లో పెడతారు. నానమ్మ పిల్లని ఎత్తుకొచ్చి ఎర్రావు ముందు నిలబడి, వండిన ముద్ద దాని నోటికి అందించి, "ఇది నీ రెండో బిడ్డ, మరిసిపోకు" అని చెప్పింది. ఆ దూడ మెడ మీద పిల్ల ఇంటివాళ్ళు ఎప్పటికీ కాడి పెట్టరని ముసలాయన అందరి ముందూ అన్నాడు. పాలు పంచుకున్న అన్న మెడ మీద కాడి పెట్టి ఎవరైనా దున్నుతారా అని ఆయన ప్రశ్న.

చాన్నాళ్ళకి, నేను జి.కె.వీధి వేపు బదిలీ అయి ఉన్నప్పుడు, ఒక ఊళ్ళో కవలపిల్లల తల్లికి పాలు చాలడం లేదు. చూద్దును కదా, దూడ కాళ్ళు కడుగుతున్నారు, నుదుట పసుపు పెడుతున్నారు. ఇదేమిటని అడిగాను. అక్కడి పెద్దామె నా అజ్ఞానానికి జాలిపడి వివరంగా చెప్పింది. "ఇది మా తాతల తాతల నాటి పద్ధతి డాక్టరమ్మా. నీకు తెల్దు." నిజమే, తెలియదన్నాను. చెబుతుంటే మొదటిసారి వింటున్నట్టే విన్నాను. వినడం చాలా హాయిగా ఉంది.

పదవీ విరమణకి ముందు చివరిసారి ఆ కొండ ఊరికి వెళ్ళాను. ఇప్పుడు అటు సిమెంటు రోడ్డు పడింది, గెడ్డ మీద చిన్న వంతెన ఉంది. ఇళ్ళ ముందు జనం చాలామంది ఉన్నారు. అడ్డాకు విస్తళ్ళు కుడుతున్నారు. ఏమిటని అడిగితే ఎర్రావు పోయిందని చెప్పారు. ముసలిదైపోయి, పడుకున్న చోటే పోయిందట. అక్కడ చచ్చిన పశువుని ఊరవతలికి ఈడ్చేయడం మామూలు. దీన్ని మాత్రం పిల్ల తండ్రి తన చేలో గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఇవాళ దినం.

అతను నన్ను చూసి లేచి వచ్చాడు. జుట్టు నెరిసింది. "అప్పుడు పిల్ల తల్లికి ఊరు నేదు, దినం నేదు" అన్నాడు. "ఇప్పుడు ఇద్దరికీ కలిపి పెడతన్నాం. కూకోండి మేడం, తినెళ్ళండి."

రెండు ఆకుల్లో అన్నం వడ్డించి చేను గట్టు మీద పెట్టారు. ఆ పిల్ల వడ్డించింది. బడికి వెళ్తోంది, పొడుగ్గా ఎదిగింది, తలస్నానం చేసి జుట్టు విరబోసుకుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వడ్డన అయ్యాక వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను. మొగుడిని పోగొట్టుకున్నవాళ్ళకి, పంట పోయినవాళ్ళకి చెప్పగలను గానీ, ఇలాంటి దానికి నా దగ్గర మాట లేదు.

పిల్లే అడిగింది.

"మా అమ్మ పాలు నువ్వే పితికినావంట గద, మొదటి మాటు?"

"నేనే."

"తన్నినాదా?"

చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి జరిపి, మోకాలి కింద తెల్లగా మిగిలిపోయిన మచ్చ చూపించాను. ఆ రోజు నేను ఎవరికీ చెప్పలేదు, అటెండరుకి కూడా. పిల్ల వంగి దాన్ని వేలితో తాకింది. చాలాసేపు చూసింది. మెల్లగా దాని పెదవుల మీదికి నవ్వు వచ్చింది.

"మా అమ్మకి కోపం ఎక్కువే" అంది.